నాలుగో చుక్క

"ఈ ఇంజిన్ పని అయిపోయింది నాన్నా, ఒప్పుకో" అంది కూతురు, బల్ల మీది సిలిండర్‌ని పక్కకు జరుపుతూ.

"దాని పనా, నా పనా? సూటిగా చెప్పు."

ఆ షెడ్డులో తండ్రి పెద్ద మెకానిక్, కూతురు చిన్న మెకానిక్. వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. బల్ల మీద విడివిడిగా పడి ఉన్నది ఆయన సొంత మోటార్ సైకిల్ ఇంజిన్. ఆమె పుట్టకముందు కొన్నది. నెల రోజులుగా పొగ కక్కుతూ, మొన్న నడివీధిలో మొరాయించింది.

"మూల పెట్టెలో ఉన్న ఇంజిన్ అచ్చం ఇదే మోడల్. పాత సామాన్ల కొట్లో నేను నడిపి చూసే తెచ్చాను. దాన్ని పెట్టేస్తే పూట పని" అందామె.

"దాని ఒంటి మీద ఒక్క చుక్కైనా ఉందా?"

ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఈయన చుక్కల పిచ్చి ఆమెకు తెలియనిది కాదు. తను చేయి పెట్టిన ప్రతి ఇంజిన్‌కీ అడుగున, ఆయిల్ నట్టు పక్కన, పంచ్ మొన ఆనించి, సుత్తితో ఒక చుక్క కొడతాడు. ఎన్నిసార్లు చేయి పెడితే అన్ని చుక్కలు. బండి చెడిందని ఎవరైనా పోట్లాటకు వస్తే ముందు వంగి అడుగున చూసేవాడు. చుక్క ఉంటే, "నాదే. తప్పూ నాదే" అని మళ్లీ విప్పేవాడు. ఆయన సొంత ఇంజిన్‌కి మూడు చుక్కలున్నాయి. మూడోది కొట్టినప్పుడు పంచ్ పట్టుకున్నది గౌన్ల వయసులో ఉన్న ఈ కూతురే.

"చుక్కల సంగతి సరే. టీచరమ్మ బండి సంగతేంటి?" అంది.

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"బ్రేకు నట్టు వదులుగా ఉంచి పంపించావు. వెనకాల పసిదాన్ని కూర్చోబెట్టుకుని తిరుగుతుంది ఆవిడ. మలుపులో నేను చూసి ఆపబట్టి సరిపోయింది."

"మరిచిపోయాను. మనిషన్నాక మరిచిపోడా?"

"మరిచిపోలేదు నాన్నా. బిగించావు. నీ చేతిలో పట్టు లేదు."

అనేశాక నాలుక కరుచుకుంది. ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. జేబుల్లో కూడా అవి కుదురుగా లేవని ఇద్దరికీ తెలుసు.

"సరే, ఒక పందెం" అన్నాడు. "సిలిండర్ లేత్ షాపులో సాపయి వచ్చింది. కొత్త పిస్టన్ ఉంది. ఈ ఇంజిన్ నేనొక్కడినే బిగిస్తాను. సాయంత్రం మొదటి కిక్కుకే స్టార్టయిందా, నన్ను పని మానమని ఇంకెప్పుడూ అనకూడదు. కాలేదా, స్పానర్ ముట్టను."

"నాన్నా, మొండికెయ్యకు."

"నువ్వు పైకి పో. నెత్తి మీద నిలబడితే నాకు చేతులాడవు."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. చేసేది లేక మెట్లెక్కింది.

పైగదిలో ఆమెకు అన్నం సయించలేదు. చెవులన్నీ కిందే ఉన్నాయి. పిస్టన్ పిన్నుకు పెట్టే సన్నటి లాకు నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. వెతుక్కుంటున్న చప్పుడు. మళ్లీ పడింది. మళ్లీ వెతుకులాట. ఆయన ఎవరినో తిట్టుకున్నాడు, బహుశా తన వేళ్లనే. తర్వాత ఏ చప్పుడూ లేదు. కిందకి పోదామని లేచింది, తలుపు దాకా వచ్చి ఆగింది. ఆయన గెలవకూడదని పొద్దున్నుంచీ కోరుకున్న మనిషి, ఇప్పుడు గెలిస్తే బాగుండునని కోరుకుంటోంది. చివరికి ఇంజిన్ ఎత్తే గొలుసు గలగలా కదిలింది. హమ్మయ్య అనుకుని కూర్చుంది. ఆ తర్వాత సుత్తి దెబ్బలు వినిపించాయి.

పొద్దు వాలుతుండగా, "అమ్మాయ్, రా!" అని పిలిచాడు.

బండి షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది. ఆమె వైపు చూడకుండా కిక్ రాడ్ మీద కాలు పెట్టాడు. ఒక్క కిక్కు.

స్టార్టయింది. పొగ లేదు, దగ్గు లేదు. పడుచుపిల్ల నవ్వినట్టు నడుస్తోంది.

"ఓడిపోయావు" అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఓడిపోయాను నాన్నా." ఆమెకు నిజంగానే సంతోషంగా ఉంది. అనుమానపడ్డందుకు సిగ్గుగానూ ఉంది.

"టీచరమ్మకి ఫోన్ చెయ్యి. పొద్దున్నే బండి తెమ్మను. ఆ నట్టు నేనే బిగిస్తాను."

ఆమె అక్కడే ఫోన్ చేసింది. "అవునండీ, నాన్నే చేస్తారు. ఏం భయం లేదు, పూచీ నాది."

ఇంతలో పాత సామాన్ల కొట్టు వ్యాన్ అబ్బాయి వచ్చి హారన్ కొట్టాడు. మూలనున్న పెట్టెకు అప్పటికే మూత బిగించి ఉంది.

"వ్యాన్‌ని అప్పుడే పిలిచావా నాన్నా? ఎందుకంత తొందర?"

"అక్కర్లేనిది ఇంట్లో ఎందుకు?"

అక్కర్లేదన్నాడే గానీ, వ్యాన్‌లోకి ఎక్కించాక పెట్టె మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. "నెమ్మదిగా పోనీ బాబూ, గతుకుల్లో జాగ్రత్త" అన్నాడు. వ్యాన్ మలుపు తిరిగేదాకా చూసి, చేతులు కడుక్కోవడానికి పైకి వెళ్లాడు.

ఇంట గెలిచాడు, ఇక రచ్చ గెలవడం ఎంతసేపు అనుకుని నవ్వుకుందామె. మూడు పాత చుక్కల పక్కన నాలుగోది ఎలా పడిందో చూద్దామని టార్చ్ తీసుకుని బండి కింద పడుకుంది. ఆయిల్ నట్టు పక్కన వేలితో తుడిచి, లైటు వేసింది.

అక్కడ ఒకే ఒక్క చుక్క ఉంది.