గోడకెక్కినవాళ్లు

"బతికుండే గవర్నర్‌కి దండేసి పెడ్తివే! నీకు బుద్ధి ఉండాదా?"

హరీశ్ అరుపుకి బాలమ్మ చేతిలోని చీపురు జారిపోయింది. అతను ఆ హాలు మేనేజరు. ఆమె అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. తెల్లదొరల కాలంనాటి కమిషనర్ల నుంచి ఇప్పటి గవర్నర్ దాకా అందరి పటాలూ గోడ పొడుగునా వేలాడుతున్నాయి. ఇంకో అరగంటలో గవర్నరే వచ్చి ఆ ప్రదర్శన ప్రారంభించాలి. పొద్దున హరీశ్ సేవంతి దండల బుట్ట చేతికిచ్చి, పటాలకు వేయమని చెప్పి తన దారిన తాను పోయాడు. బాలమ్మ ఒక్కరినీ చిన్నబుచ్చకుండా అందరికీ దండలు వేసి, అద్దాల మీద కుంకుమ బొట్లు కూడా పెట్టింది.

"గోడకెక్కినోళ్లంటే పోయినోళ్లే అనుకుంటి సార్. మా ఇండ్లల్లో పోయినాకనే కదా పటం కట్టించేది!"

"అన్నీ పీకేద్దామంటే పోయినోళ్లకి నివాళి అని పిలుపు కార్డులోనే అచ్చేసుండారు. బతికుండేవాళ్లవి మాత్రం తీసెయ్. ఎవరు బతికుండారో ఈ పటాలు పెట్టించిన కమిటీ సార్‌కే తెలుసు, ఆయన ఫోన్ ఎత్తడంలేదు. ఎవర్నన్నా అడుగు. ఒక్కటి తప్పు పోయిందో, సాయంత్రానికి గది ఖాళీ చేసి నీ మొగుణ్ణి ఎత్తుకొని పో!"

హరీశ్ గేటు వైపు పరుగెత్తాడు. హాలు వెనక రేకుల గదిలో బాలమ్మ మొగుడు సుంకన్న, పరంజా మీద నుంచి పడి నడుం విరిగి, ఆరు నెలలుగా మంచాన ఉన్నాడు. పక్కకు ఒత్తిగిల్లాలన్నా ఆమె రావాలి. అలాంటి మనిషిని ఏ ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టేది?

నిచ్చెన స్టేజీ లైట్లవాళ్లు పట్టుకుపోయారు. బల్ల లాగి, దాని మీద స్టూలు వేసి ఎక్కింది. స్టూలు ఊగింది.

"ఆగమ్మా, ఆగు. నేను పట్టుకుంటాను."

వెనక ఒక ముసలాయన. బోడి మూతి, మాసిన స్వెట్టరు, చేతిలో కర్ర. లోపలి రీడింగ్ రూములో పేపర్లు తిరగేసే పెన్షన్ తాతల్లో ఒకాయన కాబోలు. కర్ర గోడకి ఆనించి, రెండు చేతులతో స్టూలు కాళ్లు పట్టుకున్నాడు.

"తాతా, నీకు పుణ్యముంటాది. వీళ్లల్లో బతికుండేవాళ్లు ఎవరో తెలుసునా?"

"ఈ టోపీల దొరలంతా ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు, వాళ్ల జోలికి పోకు. తలపాగా మహారాజుగారూ అంతే. చివరి వరసకి పద."

ఇప్పటి గవర్నర్ దండ ముందు తీసింది. చెంగుతో బొట్టు తుడిస్తే అద్దమంతా ఎర్రగా అలుక్కుంది. ఉమ్మి రాసి మళ్లీ తుడిచింది. గవర్నర్ ముఖానికి ఉమ్మి రాస్తున్నానన్న భయం కూడా కలగలేదు పాపం, అంత తొందరలో ఉంది.

"ఆ పక్కాయన ఢిల్లీలో కొడుకు దగ్గరున్నారు, తీసెయ్. తర్వాతి ఆయన పోయినేడు పోయారు, వదిలెయ్. కళ్లద్దాలాయనకి మొన్ననే గుండె ఆపరేషన్ అయింది. బాగానే ఉన్నారట, తియ్యి."

"నీకిన్ని ఎట్ల తెలుసు తాతా?"

"పేపరు చదువుతాను కదమ్మా. ఎవరు పోయారా అనే చూస్తాను."

బల్ల జరపడం, ఎక్కడం, తియ్యడం, తుడవడం, దిగడం. జాకెట్టు చెమటకి తడిసి వీపుకి అంటుకుంది. ఆ తొందరలోనే, నడుం విరిగి మంచాన పడ్డ మొగుడి సంగతీ తాతకి చెప్పుకుంది. బయట పోలీసు ఈల మోగింది. ఇంకొక్కటే మిగిలింది. నల్లటి గుబురు మీసాలు, మెడదాకా గుండీలు పెట్టిన కోటు.

"ఈయప్ప?" అంది స్టూలు మీద నిలబడి.

ముసలాయన తలెత్తి ఆ పటాన్ని చాలాసేపు చూశాడు.

"చెప్పు తాతా! నా బతుకంతా దీని మీదే ఉండాది."

రెండో ఈల. బాలమ్మ గబుక్కున తిరిగేసరికి స్టూలు ఒక కాలి మీద లేచింది. ముసలాయన రెండు చేతులతో అదిమి పట్టాడు.

"ఉండనీ అమ్మా. ఆయన పోయినట్టే. దిగు, నువ్వు కూడా నడుం విరగ్గొట్టుకుంటే ఇంట్లో అతన్ని చూసేదెవరు?"

ఆమె దిగింది. బల్లా స్టూలూ మూలకి లాగేసింది. తీసిన దండలు బుట్టలో కుక్కేసింది. ఒడ్డున పడ్డానని దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

తలుపులు తెరుచుకున్నాయి. అంతా సరిగ్గా ఉందో లేదో చూడటానికి గవర్నర్ కంటే ముందుగా ఆయన ఏడీసీ, యూనిఫారం మీద బంగారు తాళ్లు వేలాడే ఆఫీసరు, లోపలికి వచ్చాడు. వెనకే హరీశ్. ఆఫీసరు చూపు గోడ వెంట నడిచి నడిచి మీసాల పటం దగ్గర ఆగిపోయింది.

"ఆ దండ ఎవరు వేశారు?"

హరీశ్ ముఖం పాలిపోయింది. వేలు బాలమ్మ వైపు చూపించాడు.

గది పోయింది. సుంకన్నను ఎత్తుకుని ఎక్కడికి పోవాలి? తాత ఇంత పని చేశాడేమిటి?

ఆఫీసరు పెద్ద అంగలతో ఆమె వైపే వచ్చాడు, ఆమెను దాటిపోయాడు, స్వెట్టరు ముసలాయన ముందు ఆగి, బూట్లు టక్కుమనిపించి సెల్యూట్ కొట్టాడు.

"ఆ అమ్మాయిని ఏమీ అనకండి," అన్నాడు ముసలాయన గోడకి ఆనించిన కర్ర అందుకుంటూ. "నా దండ ఉండనిమ్మని నేనే చెప్పాను."