దుప్పటి కింద చెయ్యి

గళ్ళ చొక్కా మనిషి మళ్ళీ వచ్చాడు.

నిన్న వార్డు గుమ్మంలోంచి తొంగి చూస్తే, చూసే వేళ అయిపోయిందని నర్సు పంపేసింది. ఇవాళ పెందలాడే వచ్చి, తిన్నగా కిటికీ పక్క మంచం దగ్గరికే నడిచాడు.

ఆ మంచం మీది ముసలాయన గొంతులో గొట్టం ఉంది. ఆపరేషనుతో మాట పోయింది. ఒకప్పుడు ఆ గొంతు రహస్యం చెప్పినా దండోరా వేసినట్టుండేది. ఇరుగుపొరుగు పని మానుకుని మరీ వినేవాళ్ళు.

ఇప్పుడాయన చెయ్యెత్తుతాడు. వేళ్ళు ఆడిస్తాడు. అరచెయ్యి తిప్పుతాడు.

"నీళ్ళా నాన్నా?" అంటుంది కూతురు.

కాదు.

"ఫ్యాను తగ్గించనా?"

కాదు.

"తమ్ముణ్ణి రమ్మని కబురు చెయ్యనా?"

అదీ కాదు. విసుగొచ్చి చెయ్యి మంచం మీద పడేస్తాడు. పలకా బలపం ఇద్దామంటే ఆయనకి అక్షరం ముక్క రాదు.

ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. నాన్న చెప్పాలనుకున్నదేదో వినకుండానే పంపేస్తానేమోనని ఆమెకి ఒకటే బెంగ.

గళ్ళ చొక్కా మనిషి మంచానికి ఎదురుగా నిలబడ్డాడు. కనుబొమలు ఎగరేశాడు. మీసం మెలేసినట్టు చేసి, మొహం వంకరగా పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

ముసలాయన భుజాలు కదిలాయి. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చెయ్యి పైకి లేచి గబగబా ఆడింది.

ఆ మనిషి ఒక్క క్షణం చూసి, అచ్చం అలాగే తన చెయ్యి ఆడించాడు.

కూతురికి ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, తమాషాగా ఉందా? మాట పోయిన మనిషిని వెక్కిరిస్తారా?"

అతను ఆమె పెదాలకేసి చూశాడు.

"ఆ చూపేమిటి? అసలెవరు మీరు?"

అతను ముసలాయన్ని చూపించాడు. ఆమెని చూపించాడు. తన గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"అడుగుతుంటే చెప్పరేం? నోరు పడిపోయిందా?"

కేకలకి నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఎవరమ్మా ఈయన?"

"ఎవరో! నాన్నని వెక్కిరిస్తున్నాడు. అడిగితే ఉలుకూ పలుకూ లేదు. మౌనం అర్ధాంగీకారమని ఊరికే అన్నారా?"

నర్సు తలుపు వైపు వేలు చూపించింది. అతనికి అది వెంటనే అర్థమైంది. ఇద్దరికీ దణ్ణం పెట్టి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

ముసలాయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. గుమ్మం వైపు చాచి, వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు.

"ఆయాసపడకు నాన్నా. పంపించేశాంలే."

కూతురు ఆ చేతిని మెత్తగా పట్టుకుని దించింది. దుప్పటి కిందికి తోసి, మళ్ళీ బయటికి రాకుండా పైన తన చెయ్యి వేసి కూర్చుంది.

తండ్రి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నిద్ర పట్టిందనుకుని ఆమె ఊపిరి పీల్చుకుంది.

మర్నాటి నుంచి ఆ చెయ్యి పైకి లేవలేదు. వారం తిరక్కుండా ఆయన వెళ్ళిపోయాడు.

ఇంటికి పరామర్శకి వచ్చినవాళ్ళలో బట్టల మిల్లు మేస్త్రీ ఒకడు. తండ్రితో కలిసి పనిచేసినవాడు. అతన్ని చూడగానే ఆమెకి దుఃఖం ఆగలేదు.

"చివర్లో ఏదో చెప్పాలని చూశాడు బాబాయ్. ఎవరికీ అర్థం కాలేదు."

"చేత్తో చెప్పాడా తల్లీ?"

ఆమె ఏడుపు ఆపింది. "నీకెలా తెలుసు?"

"మీ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదా? మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడి చావదు. షిఫ్టంతా చేతులతోనే కబుర్లు. తిట్లూ, పెళ్ళి సంబంధాలూ, మేనేజరు మీసం మీద జోకులూ, అన్నీ అలాగే. మీ నాన్న అందులో దిట్ట. ఏదీ, ఎలా చూపించాడో చూపించు."

ఆమె ఆత్రంగా చెయ్యెత్తింది. అరచెయ్యి ఇటు తిప్పింది. కాదు, అటు. ముందు వేలా? బొటనవేలా? అన్నిసార్లు చూసింది. ఒక్కటీ తన చేతికి రాలేదు.

మేస్త్రీ చాలాసేపు ఓపిగ్గా చూశాడు.

"పోనీలే అమ్మా. ఎప్పుడూ గళ్ళ చొక్కా వేసుకునే మా పెద్దాయన ఆస్పత్రికి వచ్చాడుగా? ఆయనతో చెప్పేసే ఉంటాడు."

ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

"చెప్పనివ్వలేదు బాబాయ్. సగంలోనే గెంటించేశాను. ఎవరాయన?"



"పుట్టినప్పట్నించీ మాటా వినికిడీ లేని మనిషమ్మా, మా షెడ్డులో అందరికీ చేతులతో మాట్లాడటం నేర్పిన గురువు ఆయనే."