నాలుగో స్థానం

"ఆరు కప్పులాయనకి నేనైతే నాలుగో స్థానం ఇస్తానండీ. అదీ జాలిపడి," అన్నాడు పళ్ళ డాక్టరు, చేతులకి తొడుగులు వేసుకుంటూ.

కుర్చీ దిగి ఒక కాలు చెప్పులో పెట్టేసిన డ్రిల్లు మాస్టారు అక్కడే ఆగిపోయాడు. ఆగకపోయుంటే, ఆ కుర్చీలోంచి ఆయన పారిపోవడం అది మూడోసారి అయ్యేది. బడిలో ఆయన ఈల ఊదితే పిల్లలంతా గీత గీసినట్టు నిలబడతారు. సూది కనిపిస్తే మాత్రం మాస్టారికి పై ప్రాణాలు పైనే పోతాయి. పుచ్చిన దవడ పన్ను పుణ్యమా అని బుగ్గ బంతిలా వాచింది. ఇవాళ కూడా తీయించుకోకపోతే చీము దవడంతా పాకుతుందని డాక్టరు నిన్ననే గట్టిగా చెప్పాడు.

"ఎవరికండీ నాలుగో స్థానం?" అన్నాడు మాస్టారు.

"ఆయనకేనండీ. ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో ఇప్పటిదాకా ఆడినవాళ్ళందర్నీ వరసలో నిలబెడితే నాలుగోవాడు. మీరు ఫస్టు ర్యాంకు ఎవరికిస్తారేంటి?"

"ఇంకెవరికి? ఆరుసార్లు ఫైనల్‌కి వెళ్ళి, ఆరుసార్లూ కప్పు పట్టుకొచ్చినాయనకి!"

కాలి చెప్పు జారిపోయింది. మాస్టారు చూసుకోలేదు.

"కప్పులే లెక్కయితే పదకొండు తెచ్చినాయన ఉన్నాడుగా. పదకొండు పెద్దదా, ఆరు పెద్దదా?"

మాస్టారికి ఒళ్ళు మండింది. వచ్చి మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "ఆ రోజుల్లో జట్లెన్నండీ? పట్టుమని పది కూడా లేవు! అప్పటి పదకొండూ ఇప్పటి ఆరూ ఒకటేనా?"

"సరిగ్గా వినపడట్లేదు. నోరు బాగా తెరిచి చెప్పండి."

కోపంలో మాస్టారు ఇంత నోరు తెరిచాడు. సూది దిగిపోయింది.

"ఆఁ... ఆఁ..."

"మీరన్నదీ నిజమేననుకోండి," అని, మాస్టారు అనని మాటకి డాక్టరు తీరిగ్గా జవాబు మొదలుపెట్టాడు. "కానీ నలభై వేల పాయింట్లాయన్ని ఎక్కడ కూర్చోబెడతారు? ఆట మొదలెట్టి ఇరవై ఏళ్ళు దాటినా కుర్రాళ్ళతో సమానంగా పరిగెత్తాడు. మరి మీ ఆరు కప్పులాయన మధ్యలో ఆట వదిలేసి పోయాడా, లేదా?"

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర బావమరిది అన్నది కూడా అచ్చం ఈ మాటే. పెళ్ళయినప్పటి నుంచీ వాడితో ఇదే గొడవ. మాస్టారు వాడి నోరు మూయించిన ప్రతిసారీ "మంచినీళ్ళు తాగొస్తా బావా" అని వంటింట్లోకి పోతాడు, రెండు నిమిషాల్లో కొత్త పాయింటుతో తిరిగొస్తాడు. లోకంలో మొండివాళ్ళంతా ఒకే బళ్ళో చదువుకున్నారు కాబోలు అనుకున్నాడు మాస్టారు.

మూతి సగం మొద్దుబారింది. మాటలు రాక, మాస్టారు ఆరు వేళ్ళు ఎత్తి డాక్టరు ముక్కు ముందు ఆడించాడు.

"ఆరు సరేనండీ. పక్కన గట్టివాళ్ళు లేకుండా ఆయనొక్కడే ఆ ఆరూ తెచ్చేవాడా?" అంటూ డాక్టరు పట్టకారు తీసుకుని నోటిమీదికి వంగాడు.

ఇది మరీ అన్యాయం. మాస్టారు కుర్చీ చేతిమీద దబదబా గుద్దాడు. డాక్టరు రెండు చేతులూ పెట్టి ఏదో చేస్తున్నాడని తెలుస్తూనే ఉంది గానీ, మాస్టారి ధ్యాసంతా ఆ మాటకి ఏం జవాబు చెప్పాలా అన్నదాని మీదే ఉంది.

పళ్ళెంలో టంగుమని చప్పుడైంది.

"అయిపోయింది," అన్నాడు డాక్టరు.

ఎక్కడ అయిపోయింది, ఇంకా నేను చెప్పందే అన్నట్టు మాస్టారు కళ్ళెర్రజేశాడు. అప్పుడు కనిపించింది పళ్ళెంలో పన్ను.

డాక్టరు దూది కుక్కాడు. "గట్టిగా కొరికి పట్టుకోండి. అరగంటసేపు నోరు విప్పకూడదు. విప్పారంటే రక్తం ఆగదు."

పన్ను పోయినందుకు మాస్టారికి రవ్వంత బాధ లేదు. జవాబు చెప్పకుండా లేచిపోతే ఓడిపోయినట్టేగా అన్నదే బాధ. చెప్పుల సంగతి కూడా మరిచిపోయి ఉక్రోషంతో బయటికొచ్చాడు.

బయట బల్లమీద భార్య స్వెటర్ అల్లుతూ కూర్చుంది. ఆవిడకి ఈ ఆటల గోల పట్టదు. మొగుడూ తమ్ముడూ మొదలెట్టగానే "మీకింకేం పన్లేదు" అని విసుక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషి. ఆవిడకి చెప్పుకుని ఏం లాభమని మాస్టారు నిట్టూర్చాడు.

వెనక తలుపు తెరుచుకుంది. డాక్టరు తల బయటికి పెట్టాడు.

"ఏమ్మా, మీరు నేర్పినవన్నీ వరస తప్పకుండా అప్పజెప్పానా? తెలీక అడుగుతాను, ఇంతకీ ఆ ఆటలో జట్టుకి ఎంతమంది ఉంటారు?"

"ఐదుగురండీ," అంది ఆవిడ, అల్లికమీంచి చూపు తిప్పకుండా. "బాగానే చెప్పారు. ఆ కళ్ళజోడు పెట్టుకుని ఆడిన పొడుగాయన్ని ఒక్కణ్ణీ మరిచిపోయారు."

మాస్టారు దూది కరుచుకుని కొయ్యబారిపోయాడు. అడగాల్సినవి బోలెడున్నాయి. ఒక్కటీ అడగడానికి లేదు.

ఆవిడ అల్లిక మడిచి సంచిలో పెట్టుకుంది. లోపలికి వెళ్ళి ఆయన చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. వాచిన బుగ్గని ఓసారి మెల్లిగా తడిమి చూసి, నవ్వింది.

"అరగంట మాట్లాడకూడదన్నారుగా? అయితే ఇప్పుడే అడిగేస్తాను. మా తమ్ముడికి ఎప్పుడూ వాదన మధ్యలోనే దాహం ఎందుకేస్తుందో, ఎప్పుడైనా ఆలోచించారా?"