కొత్త న్యాయశాలకు అయిన ఖర్చు

అడవిలో తగవులు త్వరగా తేలడం లేదని, న్యాయం చెప్పే ఎలుగుబంటి కొత్త న్యాయశాల కట్టించింది. ఖర్చెంతని అడిగితే, పని చూసిన నక్క "నాలుగు మోపుల వెదుళ్లే కదా స్వామీ" అంది. జంతువులన్నీ సంతోషించాయి.

శాల తెరిచిన రోజే, వాగులో చేపలు పట్టి బతికే నీటికుక్క ఏడుస్తూ వచ్చింది.

"అయ్యా, మీ గోడల మట్టి కోసం మా వాగు గట్టు తవ్వేశారు. వాగు దారి మళ్లి, నా పిల్లలుండే మడుగు ఎండిపోయింది. ఇది ఖర్చులో కలపలేదా?"

"మట్టి ఊరికే వచ్చిందనుకున్నాను" అని నక్క నసిగింది.

"వెదుళ్ల మాట విని నేనూ ఊరుకున్నాను. మిగతాది అడగాల్సింది" అని ఎలుగుబంటి కుమిలిపోయింది. వెంటనే గట్టు కట్టమని తీర్పు చెప్పింది. జంతువులన్నీ కలిసి కట్టాయి.

తీర్పు ఆ పూటే వచ్చింది. వాగు మాత్రం తిరిగి రాలేదు.