ప్రతి బుట్టలోనూ ఒకటి

"అయ్యో డెన్జిల్‌గారూ, మళ్ళీ తెచ్చారా!"

సొలెన్ అరుపుకి మందుల షాపులో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు.

కౌంటరు మీద బుట్ట. బుట్టలో అడవి పుట్టగొడుగులు. వాటి మధ్య, ఏమీ ఎరగనట్టు, విషపుది ఒకటి.

"ఏం, ఇది పనికిరాదా?" అన్నాడు డెన్జిల్, వంకర టోపీ సర్దుకుంటూ.

"ఆమ్లెట్టుకి పనికిరాదు. పైకి పోవడానికైతే భేషుగ్గా పనికొస్తుంది."

అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది డెన్జిలే.

సొలెన్‌కి జూన్‌లో పెళ్ళయింది. పెళ్ళితో పాటు ఈ ఊరూ, గిలెమ్ అనే మొగుడూ, పాత యజమాని ముసలాయన అమ్మేసి వెళ్ళిన ఈ మందుల షాపూ ఒకేసారి వచ్చాయి. ఆమెకి ఇంకా అన్నీ ముద్దుగానే ఉన్నాయి. తలుపు తీస్తే మోగే గంట ముద్దు. గిలెమ్ పొద్దున్నే తెచ్చే వేడి రొట్టె ముద్దు. దాని కొస దారిలోనే కొరికేసి తేవడం మరీ ముద్దు.

ఒక్క పుట్టగొడుగులంటేనే గుండె దడ.

సెప్టెంబరు వానలు పడ్డాయంటే ఊరంతా అడవిలోనే. ఏరుకొచ్చినవి తినొచ్చో లేదో మందుల షాపులో చూపించుకోవడం అక్కడి అలవాటు. కాలేజీలో వాటి గురించి చెప్పింది మూడే రోజులు. పాతాయన అల్మారాలో వదిలేసిన లావుపాటి పుస్తకమే ఇప్పుడామెకి దిక్కు. అట్టలూ మొదటి పేజీలూ ఎప్పుడో ఊడిపోయి, గాయాలకి వేసే ప్లాస్టరు అంటించుకుని బతుకుతోంది పాపం.

డెన్జిల్ వారానికి రెండుసార్లు వచ్చేవాడు. రిటైరై ఇంగ్లండు నుంచి వచ్చి పదకొండేళ్ళు. మూడు కోళ్ళు, ఒక సైకిలు, అక్రోటు చెట్టు కింద ఒక కుర్చీ.

"రోజంతా ఏం చేస్తారండీ?" అని అడిగిందోసారి.

"కోళ్ళు గుడ్లు పెడతాయి. నేను వాటిని మెచ్చుకుంటాను. ఇంతలో సాయంత్రం అయిపోతుంది."

అంత నిశ్చింత మనిషి బుట్టలో ప్రతిసారీ చెడ్డది ఒకటి ఉండేది. ప్రతిసారీ సొలెన్ పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించేది.

"చదవండి. కళ్ళజోడు పెట్టుకుని చదవండి! మట్టితో సహా పెకలించుకొచ్చారు, బాగానే ఉంది. అడుగున ఈ తెల్ల సంచి, విషపుదానికుండే గుర్తు, కనపడలేదా?"

"నిజమే సుమా. రాసినవాడు కాస్త వాగుడుకాయలా ఉన్నాడు గానీ."

"మీతో పెద్ద చిక్కండీ. చేసిన తప్పు మళ్ళీ చేయరు. ప్రతిసారీ కొత్తది చేస్తారు!"

కిందటి మంగళవారం మాత్రం ఆయన కాడలు వదిలేసి, లేత ఆకుపచ్చ గొడుగులు ఏడే తెచ్చాడు.

"మీ ఊరివాళ్ళలా చాకుతో కోశాను."

అడుగు భాగం లేదు, సంచి లేదు. సొలెన్ ఒక్కొక్కటీ విరిచి చూసింది. ఆరు సుద్దముక్కల్లా పుటుక్కుమన్నాయి. ఏడోది విరగలేదు. పీచులా చీలింది.

"ఇదీ విషపుది!" అని ఎగిరి గంతేసింది.

"పుస్తకం తీయలేదేం?" అన్నాడు డెన్జిల్.

సొలెన్ తెల్లబోయింది. నిజమే, తీయలేదు.

ఆయన కౌంటరు ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు.

శనివారం షాపు కిటకిటలాడుతోంది. అత్తగారు యుగెట్ లైను తోసుకుంటూ వచ్చి పెద్ద బుట్ట దించింది. మర్నాడు ఆమె ఇంట్లో ముప్ఫైమందికి భోజనం.

"నలభై ఏళ్ళుగా కోస్తున్నాను. ఇప్పుడు కోడలు చూసి చెప్పాలట, నా ఖర్మ! నీ మొగుడు పోరుపెట్టాడని తెచ్చాను. ఊఁ అని పంపెయ్."

అన్నీ లేత ఆకుపచ్చ గొడుగులే. కాడలు అడవిలోనే ఉండిపోయాయి.

సొలెన్ విరుస్తూ పోయింది. పుటుక్. పుటుక్.

"చూడమంటే కూరకి తరుగుతోందేమిటి!" అంది అత్త. లైనంతా నవ్వింది.

అడుగునున్నది విరగలేదు.

నాలుగు నెలల కోడలు. ఊరంతా చూస్తోంది.

"అత్తయ్యా, బుట్ట మొత్తం పారబోయాలి."

"ఏమన్నావ్?"

"దీని ముక్క పడితే చాలు, లివరు పోతుంది. రేపు ఆ బల్ల దగ్గర గిలెమ్ కూడా కూర్చుంటాడు."

యుగెట్ మిగిలిన సగం లాక్కుని తనే చీల్చింది. పీచు. మళ్ళీ చీల్చింది. పీచు.

మెల్లగా కుర్చీలో కూలబడింది. "ఉప్పు చూడటానికి ముందు నేనే తినేదాన్ని."

తర్వాత లేచి, కోడలి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, పోటీలో గెలిచిన ఆవుని చూపించినట్టు లైనంతటికీ చూపించింది.

"నా కోడలు!"

మధ్యాహ్నం షాపు మూయగానే సొలెన్ సైకిలెక్కింది. ముందు బుట్టలో అక్రోటు కేకు. డెన్జిల్‌కి చెప్పాలి. 'మీ తప్పుల పుణ్యమేనండీ!' అని దారంతా పైకే అనుకుంటూ తొక్కింది. ఏటవాలు దిగుతుంటే రెండు కాళ్ళూ గాల్లో చాపి కేక పెట్టింది కూడా.

గేటు దగ్గర పక్కింటి ఫెర్నాన్ తన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళ దగ్గర మూడు కోళ్ళు.

"ఇప్పుడే తీసుకెళ్ళారమ్మా, గంట కూడా కాలేదు. నిద్రలోనే పోయాడు. మొహంలో చిరునవ్వు చెదరలేదు."

సొలెన్ సైకిలు గేటుకి ఆనించింది.

"మిగిలిన మందులు షాపుకే తిరిగివ్వాలిగా," అని ఫెర్నాన్ లోపలికి తీసుకెళ్ళాడు.

వంటగది బల్ల మీద మందుల డబ్బా. దాని పక్కన తెరిచి ఉన్న పుస్తకం. ఆ బొమ్మ ఆమెకి తెలుసు. ఆ పేజీ తెలుసు.

'ఆయన దగ్గరా ఉందా ఇది!' అనుకుంటూ మూసింది. దీనికి అట్టలు ఊడిపోలేదు.

వెనక అట్ట మీద, నల్లటి గడ్డంతో, అదే వంకర టోపీతో, ఆ పుస్తకం రాసిన డెన్జిల్ నవ్వుతున్నాడు.