ఆలస్యంగా పేలిన తుపాకి

"నావల్ల కాదు పిన్నీ, దిగిపోతాను," అంది ఇత్తో. పోయినేడు మొరాకోలోని మెక్నెస్ ఉత్సవంలో గుర్రం మీంచి పడ్డాక మళ్లీ ఎక్కడం ఇదే మొదలు.

"దిగు బంగారం, తొందరేముంది?" అంది హద్దా. వరసగా గుర్రాలు ఉరికించి ఒక్కసారే తుపాకులు పేల్చే ఆ ఆడవాళ్ల దళానికి ఆమే పెద్ద. పడ్డప్పటినుంచీ అందరూ ఇంతే, ముద్దుమాటలే.

ఇత్తో దిగేలోపే హద్దా గట్టిగా కేక పెట్టింది. ఆ కేక వింటే ఇత్తో గుర్రం ఆగదు. వరసతోపాటు దౌడు తీసింది.

మైదానం చివర ఆడవాళ్ల తుపాకులన్నీ ఒక్క మోతగా పేలాయి. ఆ వెనకే ఒంటరిగా ఇంకోటి.

"పరువు తీశావు కదే ఇత్తో! అన్నీ ఒక్కసారే పేలాలని ఎన్నిసార్లు చెప్పాను? నిద్రపోతున్నావా?" అని విరుచుకుపడింది హద్దా.

ఇత్తో పకపకా నవ్వింది.

"ఎందుకే ఆ నవ్వు?"

"పడ్డాక నన్నెవరైనా తిట్టడం ఇదే మొదలు పిన్నీ!"

"ముందు తుపాకిలో మందు కూరు. మళ్లీ ఆలస్యమైతే ఇంకా ఉన్నాయి తిట్లు."