అరిగిన టేపు

“మళ్ళీ టేపా! ఇది మూడోసారి కదయ్యా?” హేంగర్ గుమ్మంలో కాఫీతో నిలబడి నవ్వింది మార్లిస్.

తన చేతులతో కట్టుకున్న విమానం రెక్క వెనక, కిందికి వాలే ఫ్లాపుకి నున్నటి టేపు అంటిస్తున్నాడు ఆమె భర్త ఆర్విడ్.

“రెక్కకి రాసుకుని రంగు పోతుందే.”

“తొమ్మిదేళ్ళు కట్టావు. ఎగరడానికి పర్మిషనొచ్చి ఏడాదైంది. నేల వదలని పిట్టకి అరుగుడేంటయ్యా?”

అతను పీకి పడేసిన పాత టేపు తీసి చూసింది. నిజంగానే అరిగి చిల్లులు పడింది.

“రోజూ ఇందులో కూర్చుని ఫ్లాపులు దించడం, ఎత్తడం... ఇదేనా నీ పని?”

ఆర్విడ్ తలెత్తలేదు. “చెయ్యి అంతవరకే వెళ్తోంది, మార్లిస్. ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి ధైర్యం చాలట్లేదు.”

ఆమె నవ్వు ఆగింది. కాఫీ కింద పెట్టి, హేంగర్ తలుపులు బార్లా తీసింది.

“నువ్వు ఎగిరి దిగేదాకా ఇక్కడే ఉంటా. ఈ కొత్త టేపన్నా గాలిలో అరగనీ.”